వెనక షట్టర్

"మీ గురించి మీరు చెప్పండి" అన్నాడు శివరామకృష్ణ.

అప్పటిదాకా లేచినవాళ్ళంతా తడబడ్డారు. ఒకడు పేరు చెప్పి, చదివిన చదువు మర్చిపోయాడు. ఒకమ్మాయి లేచి నిలబడి, నీళ్ళు నమిలి, కూర్చుని ఏడ్చింది. గుంటూరు బ్రాడీపేటలో, మేడ మీద ఉన్న ఆ శిక్షణ కేంద్రానికి వచ్చేవాళ్ళంతా దాదాపు ఇలాంటివాళ్ళే. డిగ్రీ ఉంటుంది. గొంతు ఉండదు. వాళ్ళకి గొంతు తెప్పించడమే శివరామకృష్ణ ఉద్యోగం.

క్రిస్టీనా లేచింది. ఆమె తడబడలేదు.

చున్నీ తల మీదికి లాక్కుంది. చేతులు రెండూ ముందుకు కట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"నేను ఎందుకూ పనికిరానిదాన్ని" అని మొదలుపెట్టింది. "మాది పెదకాకాని దగ్గర పల్లె. మా నాన్న తాగి తాగి పోయాడు. మా అమ్మ మిరపకాయలకి తొడిమలు తీసి నన్ను పెంచింది. ఇంటర్ మొదటిసారి తప్పాను. పుస్తకాలు కట్టగట్టి అటక మీద పడేసి పత్తి ఏరడానికి పోయాను. అలాంటి నన్ను..."

గొంతు ఒక్కో మెట్టే పైకెక్కుతోంది. గదిలో కుర్చీల చప్పుడు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే వెనక బెంచీలోంచి ఎవడో "ఆమెన్!" అన్నాడు.

గది మొత్తం గొల్లున నవ్వింది.

క్రిస్టీనా కళ్ళు తెరిచింది. తను ఎక్కడుందో అప్పటిగ్గానీ గుర్తు రాలేదు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు మనిషి ఇలాగే లేస్తుంది. ముందు తను ఎంత లోతున పడిందో చెబుతుంది. తర్వాత, పైకి లేపిన దేవుడి గురించి చెబుతుంది. నీ గురించి చెప్పమంటే ఆమెకి చిన్నప్పటి నుంచి తెలిసిన పద్ధతి అదొక్కటే.

శివరామకృష్ణ మాత్రం నవ్వలేదు. క్లాసు అయ్యాక ఆమెని ఆగమన్నాడు.

"నువ్వు చీకట్లో మొదలుపెట్టి వెలుగులోకి వెళ్తున్నావమ్మా. చర్చిలో కూర్చున్నవాళ్ళు ఆగుతారు. ఇంటర్వ్యూలో కూర్చున్నవాడు ఆగడు, చీకట్లోనే లేచి వెళ్ళిపోతాడు. వెలుగుతో మొదలుపెట్టు. వెలుగులోనే ఆపు. చీకటి నీ ఇంట్లో పెట్టుకో."

"అలాగే సార్."

"ఒకటి మాత్రం చెప్తా. ఈ బ్యాచ్ మొత్తంలో గొంతున్నది నీకొక్కదానికే. ఎవరు నేర్పారు?"

"మా అమ్మండి. చర్చిలో మా అమ్మ లేచిందంటే మైకు అక్కర్లేదు."

"మీ అమ్మ ఎక్కడ పని చేస్తుంది?"

"హైవే పక్కన సార్. కోల్డ్ స్టోరేజీల వరసలో, ఎక్స్‌పోర్టువాళ్ళ షెడ్డులో. ఎలీసమ్మ అంటే అక్కడ అందరికీ తెలుసు."

శివరామకృష్ణ డస్టర్‌తో బోర్డు తుడవబోయి ఆగాడు. "ఎలీసమ్మ" అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత బోర్డు మొత్తం శుభ్రంగా తుడిచి చేతులు దులుపుకున్నాడు.

"శనివారం ఒక కంపెనీ వస్తోంది. నిన్ను కూర్చోబెడతా. మీ అమ్మ సంగతి ఇక్కడితో సరి. అక్కడ ఎత్తకు."

*

ఎలీసమ్మ పొద్దుగూకే వేళకి ఇల్లు చేరింది. ఆటో దిగి నేరుగా తొట్టి దగ్గరికి వెళ్ళి, ముందు కొబ్బరినూనె, తర్వాత సబ్బు, మళ్ళీ నూనె రాసుకుని చేతులు కడుక్కుంది. ఎంత కడిగినా వేళ్ళ మంట పోదు. అందుకే అన్నం క్రిస్టీనా కలిపి పెడుతుంది, ఎలీసమ్మ చెంచాతో తింటుంది. కూతురి మొహాన్ని ఆమె వేళ్ళతో ముట్టుకోదు. ముద్దొస్తే మణికట్టు వెనక భాగంతో చెంప రుద్దుతుంది. పసిపిల్లగా ఉన్నప్పుడు ఒకసారి మర్చిపోయి కళ్ళు తుడిస్తే, పిల్ల పొద్దస్తమానం ఏడ్చింది. అప్పటి నుంచీ అదే అలవాటు.

"ఇయ్యాల నసీమున్నీసా పడిపోయిందే" అంది చెంచా పట్టుకుని.

"ఎక్కడ?"

"షెడ్డులోనే. ఎండ చూశావుగా. అంత షెడ్డుకీ వెనక షట్టరొక్కటే గాలి వచ్చే దారి. అది దించి తాళమేశారు. ఆయాసం మనిషి, దగ్గి దగ్గి కాయల మీదికే ఒరిగిపోయింది. బయటికి మోసుకొచ్చి నీళ్ళు కొట్టాం."

"షట్టరెందుకు దించారు?"

"గాలి తగిలితే కాయ ఆరిపోయిద్దంట. తూకం పడిపోయిద్దంట." ఎలీసమ్మ నవ్వింది. "పొద్దున్నే మేమే గదే కాయ విరగకుండా నీళ్ళు చల్లేది! ఆ తడి నిలబడాల. మడిసి నిలబడక్కర్లా."

"మరి ఊరుకున్నారా?"

"ఊరుకుంటామా? రోజూ అడుగుతూనే ఉన్నా. రేపూ అడుగుతా. నేను లేచి అడిగితే మిగతావాళ్ళు చేతులు ఆపేస్తున్నారు. అదీ వాళ్ళకి మంట. సోమవారం మేనేజరొచ్చి తేలుస్తాడంట. షట్టరు తీయకపోతే ఒక్కళ్ళం కూడా కాయ ముట్టుకోం."

క్రిస్టీనా అద్దం ముందు నిలబడి నవ్వు సాధన చేస్తోంది. పళ్ళు కొంచెం కనపడాలి, ఎక్కువ కనపడకూడదు. గడ్డం పైకెత్తాలి. "గుడ్ మార్నింగ్ సర్. ఐ యామ్ ఎ టీమ్ ప్లేయర్."

"గొంతులోంచి కాదే. పొట్టలోంచి రావాల" అంది ఎలీసమ్మ, ఆ ఇంగ్లీషు ఏమిటో తెలియకపోయినా. "గాలి కిందికి తీసుకో. ఆ. ఇప్పుడు పలుకు."

క్రిస్టీనా పలికింది. అద్దం వెనక గోడ మీది బల్లి కదిలి పారిపోయింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇప్పటికే చాలా ఇంటర్వ్యూలకి వెళ్ళింది. బట్టల షాపు, ఫోన్ల షాపు, ఆస్పత్రి రిసెప్షన్. ఎక్కడా పిలుపు రాలేదు. ఇది కూడా రాకపోతే అమ్మతో షెడ్డుకే అనుకుని, మొన్న పాత చీర చింపి మూతికి కట్టుకునే గుడ్డ ఒకటి కుట్టుకుంది. దండెం మీద ఆ గుడ్డ ఇప్పుడు లేదు. చూస్తే పొయ్యి దగ్గర మసిగుడ్డ అయిపోయి ఉంది. ఎలీసమ్మ దాంతో గిన్నె దించుతూ, కూతురి వైపు చూడకుండా, "శనివారం ఏ డ్రెస్సు వేసుకుంటావే?" అంది.

*

శనివారం వచ్చిన మేనేజరు పేరు ప్రకాష్. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ ట్యాగు. ఆ ట్యాగు మీద ఎర్రటి మిరపకాయ, చుట్టూ పచ్చటి గుండ్రం.

ఆ బొమ్మ క్రిస్టీనాకి తెలుసు. ఇంట్లో తలుపు వెనక మేకుకి వేలాడే టోపీ మీద అదే బొమ్మ ఉంటుంది. జుట్టు కాయల్లో పడకుండా షెడ్డులో ఆడవాళ్ళందరికీ ఇచ్చిన టోపీ అది.

చూపు ఆ ట్యాగు మీదే ఆగింది. పక్కనే నిలబడ్డ శివరామకృష్ణ పెదవులు కదలకుండా "నవ్వు" అన్నాడు.

నవ్వింది. వెలుగుతో మొదలుపెట్టింది. డిగ్రీ గురించి చెప్పింది, కాలేజీలో బహుమతి గురించి చెప్పింది, పదిమందిని కలుపుకుని పని చేయించగలనని చెప్పింది. తెలుగులో చెప్పింది, ఇంగ్లీషులో చెప్పింది. ఎక్కడా ఆగలేదు. మాట మాటకీ తన గొంతు తనకే కొత్తగా వినపడుతోంది. ఇన్నాళ్ళూ ఇది ఎక్కడ దాక్కుందో!

ప్రకాష్ పెన్ను తిప్పుతూ విన్నాడు.

"బాగుంది. ఆడవాళ్ళతో, చదువుకోనివాళ్ళతో మాట్లాడగలరా?"

"మాట్లాడగలను సర్."

"వాళ్ళకి ఉత్సాహం రావాలి. గొడవలు తగ్గాలి. మేం చెప్తే తిట్టినట్టుంటుంది. వాళ్ళ పిల్లలా ఉన్నవాళ్ళు చెప్తే వింటారు." పెన్ను ఆగింది. "నాన్నగారు?"

"లేరండి."

"అమ్మగారు ఏం చేస్తారు?"

ఫ్యాను తిరుగుతోంది. శివరామకృష్ణ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. క్రిస్టీనా గాలి కిందికి తీసుకుంది. పొట్టలోంచి, స్పష్టంగా, నవ్వుతూ చెప్పింది.

"హోమ్‌మేకర్ అండి."

ప్రకాష్ ఆమె మొహంలోకి ఒక్క క్షణం ఎక్కువ చూశాడు. తర్వాత లేచి చెయ్యి చాపాడు. చెయ్యి కలపడం కూడా కోర్సులో నేర్పారు. మరీ మెత్తగా ఉండకూడదు, మరీ గట్టిగా ఉండకూడదు.

"సోమవారం వచ్చేయండి" అన్నాడు.

*

ఉద్యోగం వచ్చిన మనిషి ఆదివారం సాక్ష్యం చెప్పాలి. ఆ పల్లె చర్చిలో అది తప్పని ఆనవాయితీ. మరియదాసు పాస్టరుగారు కూర్చోకముందే ఎలీసమ్మ కూతుర్ని మోచేత్తో పొడిచింది.

"ఏ కంపెనీయో చెప్పవే మరి, అందరూ అడుగుతున్నారు" అంటూ పక్కింటి జయకుమారి ముందు వరసలోంచి వెనక్కి తిరిగింది. ఆమె కూడా ఎలీసమ్మతో షెడ్డుకి వెళ్ళే మనిషే.

"ఎక్స్‌పోర్టు కంపెనీ అత్తా. పెద్దది." క్రిస్టీనా అంతకంటే చెప్పలేదు. నిన్న సాయంత్రం అమ్మకీ అంతే చెప్పింది. అమ్మ గుచ్చి అడగలేదు. గుంటూరులో ఎక్స్‌పోర్టు కంపెనీలు ఎన్ని లేవు!

లేచి నిలబడింది. చున్నీ కప్పుకుంది. కళ్ళు మాత్రం మూసుకోలేదు. గడ్డం పైకెత్తింది.

"దేవుడు నాకు మంచి ప్రతిభ ఇచ్చాడు. నేను కష్టపడ్డాను. నా మీద నాకు నమ్మకం ఉంది. అందుకే ఈ ఉద్యోగం వచ్చింది. మీరందరూ కూడా మీ మీద మీరు నమ్మకం పెట్టుకోవాలని కోరుకుంటున్నాను."

కూర్చుంది. "స్తోత్రం" అన్నారు ఒకరిద్దరు. మిగతావాళ్ళు ఇంకా ఏదో ఉందన్నట్టు చూస్తూ కూర్చున్నారు. పాస్టరుగారు గొంతు సవరించుకుని పాట ఎత్తారు.

ఇంటికి వచ్చే దారిలో, కాలవ దాటాక ఎలీసమ్మ అంది.

"మొదలు చెప్పలేదేందే?"

"ఏ మొదలు?"

"ఎక్కడ పడ్డావో చెప్పకపోతే, ఎక్కణ్ణుంచి లేచావో జనానికెట్టా తెలిసిద్ది?"

"ఇప్పుడు అలా చెప్పకూడదంటమ్మా."

"ఎవరంట?"

"సారు."

ఎలీసమ్మ తల ఊపింది. చదువుకున్నవాళ్ళ మాట. "సర్లే. గొంతు మాత్రం బాగా వచ్చింది" అంది. మణికట్టుతో కూతురి చెంప రుద్దింది.

*

సోమవారం ఎలీసమ్మ తెల్లవారకముందే వెళ్ళిపోయింది. క్రిస్టీనా ఇస్త్రీ డ్రెస్సు వేసుకుని, ఎండ ముదిరాక కంపెనీ ఆఫీసు మెట్లెక్కింది. నర్సరావుపేట వైపు ఇంకో గోడౌను కూడా ఉందని విన్నది. అక్కడైతే బాగుండునని ఆటోలో దారి పొడుగునా అనుకుంది.

ప్రకాష్ ఆమెని అక్కడికి పంపలేదు. ఆఫీసు వెనకనుంచి నడిపించుకుంటూ, కోల్డ్ స్టోరేజీ గోడ వారగా, షెడ్డు తలుపు దాకా తీసుకొచ్చాడు.

"లోపలి విషయం చిన్నది" అన్నాడు. "వెనక షట్టర్ తీయమంటున్నారు. తీయలేం. తీయలేమని చెప్పకు. షట్టర్ అనే మాటే ఎత్తకు. పాజిటివ్‌గా మాట్లాడు. పనిలోకి దిగిపోవాలి, అంతే."

తలుపు తీయగానే ఘాటు మొహాన కొట్టింది. క్రిస్టీనాకి దగ్గు పొంగుకొచ్చింది. మింగేసింది.

లోపల గోతాల మీద వరసలు వరసలుగా ఆడవాళ్ళు. మధ్యలో ఎర్రటి కుప్పలు. రోజూ ఈ వేళకి చేతులు టకటకా ఆడుతుండాలి. బొటనవేలి గోటితో తొడిమ విరవడం, కాయ ముందుకి, తొడిమ పక్కకి, తెల్లబడిన తాలుకాయ వెనక్కి. ఇవాళ చేతులన్నీ ఒళ్ళో ఉన్నాయి. అందరికీ టోపీలు, అందరికీ మూతిగుడ్డలు, కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. ఆ చివర దించిన షట్టర్. దాని కింది సందులోంచి కత్తి అంచులా సన్నటి ఎండ.

అమ్మ ఎక్కడుందో తెలియలేదు. కళ్ళని బట్టి పోల్చలేకపోయింది. చేతుల్ని బట్టి పోల్చింది. కుడి బొటనవేలికి సైకిల్ ట్యూబు ముక్క తొడుక్కున్న చెయ్యి. ఆ ముక్కని కత్తిరించి ఇచ్చింది తనే.

"ఏమే క్రిస్టీ..." అని జయకుమారి లేవబోయింది. ట్యూబు ముక్క ఉన్న చెయ్యి ఆమె మోకాలి మీద పడి, నొక్కి పట్టింది. జయకుమారి కూర్చుండిపోయింది.

ప్రకాష్ ప్లాస్టిక్ స్టూలు చూపించాడు. క్రిస్టీనా ఎక్కింది.

మొదట ఏం మాట్లాడిందో ఆమెకి తెలియదు. నోరు దానంతటదే నేర్చుకున్నది నేర్చుకున్నట్టు తెరుచుకుంది. మీ చేతుల్లోంచి వెళ్ళిన కాయ దేశాలు దాటుతోంది అంది. మీరు కూలీలు కాదు, కంపెనీకి వేర్లు అంది. కష్టం అనేది సగం మన ఆలోచనలోనే ఉంటుంది, ఆలోచన మార్చుకుంటే ఒంటికి ఓపిక అదే వస్తుంది అంది. గొంతు రేకుల కప్పుకి తగిలి తిరిగొస్తోంది. ముసుగుల వెనక కళ్ళు ఒక్కొక్కటే ఆమె వైపు తిరిగాయి. ఒక ముసలామె తల కూడా ఊపింది. వింటున్నారు. నిజంగా వింటున్నారు!

ముగింపులో ఎప్పుడూ ఒక ప్రశ్న వేయమని కోర్సులో చెప్పారు. ఎదుటివాళ్ళకి గౌరవం ఇచ్చినట్టుంటుంది.

"మీలో ఎవరైనా ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?"

అన్న మరుక్షణం నాలిక కరుచుకుంది.

షెడ్డులో గోతాల గరగర కూడా ఆగింది. తలలన్నీ ఒకేసారి ఒక వైపు తిరిగాయి. నసీమున్నీసా, మొన్న పడిపోయిన మనిషి, పక్కనున్న భుజం తట్టి "లేవక్కా, చెప్పు" అంది. దగ్గుతో ఆ మాట ముక్కలైంది.

ఎలీసమ్మ లేచింది.

మూతిగుడ్డ కిందికి లాగింది. చేతులు రెండూ ముందుకు కట్టుకుంది. చర్చిలో నిలబడినట్టే నిలబడింది. గాలి కిందికి తీసుకోవడం క్రిస్టీనాకి కనపడింది. ఇప్పుడు ఆ గొంతు లేస్తుంది. షట్టర్ అంటుంది. లేదా, ఇది నా కడుపున పుట్టిందే అంటుంది. రెంటిలో ఏది అన్నా ఈ స్టూలు ఉండదు, ఈ ఉద్యోగం ఉండదు. క్రిస్టీనా మొహం మీద నవ్వు అలాగే బిగుసుకుపోయింది. అమ్మ ఆ నవ్వు వంక చూసింది. ఇస్త్రీ డ్రెస్సు వంక చూసింది. స్టూలు మీది కొత్త చెప్పుల వంక చూసింది.

తీసుకున్న గాలి మెల్లగా వదిలేసింది.

"ఏం లేదండి" అంది ఎలీసమ్మ. ఆ గొంతు అంత చిన్నగా వినడం క్రిస్టీనాకి అదే మొదటిసారి. "మేడంగారు బాగా చెప్పారండి."

కూర్చుంది. గుడ్డ మూతి మీదికి లాక్కుంది. కుప్పలోంచి ఒక కాయ తీసి తొడిమ విరిచింది.

తర్వాత పక్కామె తీసింది. ఆ పక్కామె తీసింది. టకటకల చప్పుడు వరస వెంట వరస పాకి, చివరికి షట్టర్ దగ్గరికి చేరింది.

బయటికి వచ్చాక ప్రకాష్ చేతులు తట్టాడు.

"అయిపోయింది! నెల్లాళ్ళ నుంచి తలనొప్పి. ఒక్క పూటలో కూర్చోబెట్టావు."

"థాంక్యూ సర్."

"మీ అమ్మ లేచినప్పుడు భయపడ్డావు కదూ?"

క్రిస్టీనా అతని వైపు తిరిగింది.

"మీకు..."

"శివరామకృష్ణ ముందే ఫోన్ చేసి చెప్పాడమ్మా. ఎలీసమ్మ కూతురు నా దగ్గర కోర్సులో ఉందీ అని. అయినా చూద్దామని అడిగాను." ప్రకాష్ నవ్వాడు. అందులో కోపం లేదు, వెక్కిరింత కూడా లేదు. పని బాగా జరిగినవాడి నవ్వు. "హోమ్‌మేకర్ అన్నావు చూడు, అప్పుడే అనుకున్నా. ఈ అమ్మాయి పనికొస్తుంది అని."

*

సాయంత్రం ఎలీసమ్మ ఎప్పటిలాగే నూనె రాసి, సబ్బుతో రుద్ది, మళ్ళీ నూనె రాసి చేతులు కడుక్కుంది. క్రిస్టీనా అన్నం కలిపి పెట్టింది. చెంచా ఇచ్చింది.

"ఎందుకు ఊరుకున్నావు?" అంది చివరికి.

"ఏం చెయ్యమంటావు? ఇద్దరం నిలబడితే ఎవరో ఒకళ్ళం పడాల. నేను కూర్చుంటే ఎవరూ పడరుగా."

"నేను నీ పేరు చెప్పలేదమ్మా అక్కడ. నువ్వు ఇంట్లోనే ఉంటావని చెప్పాను."

చెంచా ఆగింది. మళ్ళీ కదిలింది.

"జయకుమారి మధ్యాన్నమే అందరికీ చెప్పేసింది నువ్వు నా కూతురివని" అంది ఎలీసమ్మ. "నసీమున్నీసా తన గోతం తీసుకెళ్ళి అవతల వరసలో వేసుకుంది. ఏం అన్లేదు. ఒక్క మాట కూడా అన్లేదు. అక్కా అక్కా అని నోరారా పిలిచే మడిసి."

"రేపు అడుగమ్మా. నా సంగతి వదిలెయ్. నువ్వు లేచి అడుగు."

"రేపు నేను లేస్తే చేతులెవరు ఆపుతారే?"

ఎలీసమ్మ కంచం పక్కకి జరిపి, మణికట్టుతో కూతురి చెంప రుద్దింది.

"బాగా చెప్పావే" అంది. "పొట్టలోంచే వచ్చింది."

*

మర్నాడు పొద్దున్న క్రిస్టీనా వచ్చేసరికి అవతల వరసలో ఒక గోతం ఖాళీగా ఉంది. నసీమున్నీసాకి ఆయాసం ఎక్కువై పెద్దాసుపత్రిలో చేర్చారని తలుపు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. ఎలా ఉందో అతనికి తెలియదు.

"ఆ విషయం ఎత్తకు" అన్నాడు ప్రకాష్. "ఇవాళే మనుషులకి కొంచెం ఊపు కావాలి."

ఎలీసమ్మ రోజూ కూర్చునే చోట లేదు. అన్నిటికంటే చివర, దించిన షట్టర్‌కి వీపు ఆనించి, ఒక్కతే కూర్చుంది. ఆమెకి అటూ ఇటూ గోతాలు లేవు. కింది సందులోంచి పడే ఎండ గీత ఆమె టోపీ దాకా రావడం లేదు. తల వంచుకుని కాయలు తీస్తోంది.

క్రిస్టీనా స్టూలెక్కింది. గడ్డం పైకెత్తింది. పళ్ళు కొంచెం కనపడేలా నవ్వింది. గాలి కిందికి తీసుకుంది. ఘాటు గుండెల దాకా దిగింది.

"అందరికీ శుభోదయం" అంది. "ఈ రోజు చాలా మంచి రోజు."

షట్టర్ వైపు నుంచి దగ్గు వినపడింది. ఒకసారి మొదలై, ఆగకుండా సాగింది. మూతిగుడ్డల వెనక అందరూ ఒక్కలాగే ఉన్నా, ఆ దగ్గు ఎవరిదో ఆమెకి తెలుసు.

గొంతు ఇంకాస్త పెంచింది.